ఏ సరుకు ఎలా చెడుతుంది? దేనికి ఏ పూత?

(విజయవాడ ఆటోనగర్‌లో పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం విద్యార్థులు, చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలను అక్కడక్కడే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా అండీ? ఫ్యాన్ల చప్పుడుంది, కాస్త గట్టిగానే మాట్లాడతాను.

మాటలకంటే ముందు ఒక పని చూపిస్తాను. ఈ బల్ల మీద రెండు ఇనప రేకులున్నాయి. రెండూ ఒకే షీటులోంచి కోసినవే. ఈ ఎడమవైపుది షాపులో ఉన్నది ఉన్నట్టు తెచ్చాను, పాతగుడ్డతో తుడిచాను, అంతే. కుడివైపుది జిడ్డు తీసే డీగ్రీజింగ్ తొట్టిలో ముంచి, రెండు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి తెచ్చాను. కంటికి రెండూ ఒకటే. తాకొద్దు తమ్ముడూ, నీ చేతి చెమట చాలు దాన్ని పాడుచెయ్యడానికి.

ఇప్పుడు సీసాలో నీళ్లు రెండింటి మీదా పోస్తున్నాను. ముందుకొచ్చి చూడండి. ఎడమ రేకు మీద నీళ్లు ఎలా ఉన్నాయి? ముక్కలు ముక్కలుగా విడిపోయి, తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోతున్నాయి. కుడి రేకు మీద పల్చటి పొరలా పరుచుకున్నాయి, ఎక్కడా తెగలేదు. తామరాకుకి మైనం ఉంటుంది. ఈ రేకుకి మిల్లులో తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంది, గుడ్డతో తుడిస్తే అది పోలేదు, ఇంకొంచెం పరుచుకుంది. నీరు అంటనిచోట రంగు కూడా అంటదు. అంటినట్టు కనపడుతుంది, ఆరు నెలలకో ఏడాదికో పెచ్చులుగా లేస్తుంది. దీన్ని వాటర్ బ్రేక్ టెస్ట్ అంటారు. దీనికి గ్లాసెడు నీళ్లు చాలు. మన ఊళ్లో ఎన్ని షాపుల్లో రోజూ ఇది చేస్తున్నారో మీరే తిరిగి చూడండి.

ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. లారీ బాడీలకి డెంటింగ్, పెయింటింగ్ దగ్గర మొదలుపెట్టి, పౌడర్ కోటింగ్‌కి, అంటే పొడి రంగు చల్లి ఓవెన్లో కరిగించే పనికి వచ్చాను, మధ్యలో కొన్నాళ్లు ప్లేటింగ్, అంటే కరెంటుతో లోహపు పూత వేసే పని కూడా చూశాను. పార్టీ, అంటే పని తెచ్చేవాళ్లు, షాపుకి రాగానే అడిగే మొదటి మాట, "ఏ రంగులున్నాయి, అడుగుకి ఎంత?" నేను తిరిగి రెండు అడుగుతాను. వస్తువు దేనితో చేశారు? దాన్ని ఎక్కడ పెడతారు? ఈ రెండూ తెలియకుండా రంగు మాట ఎత్తను. ఎందుకంటే ఇనుము చెడే తీరు వేరు, ఇత్తడి చెడే తీరు వేరు, కర్ర చెడే తీరు వేరు. డాక్టరు జబ్బు తెలుసుకోకుండా మందు రాయడు కదా. ఫినిషింగ్ కూడా అంతే, ఆ సరుకు ఎలా చెడుతుందో తెలిస్తే ఏ పూత వెయ్యాలో దాదాపు తెలిసిపోతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఇనుముతో మొదలుపెడతాను, మనందరి అన్నం అదే కాబట్టి.

ఇనుము తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. అందరూ గమనించనిది, తుప్పు ఉబ్బుతుంది. తిన్న ఇనుముకంటే దానిమీద పెరిగిన తుప్పు రెండింతలకి పైగా చోటు తీసుకుంటుంది. అందుకే రంగు కింద చిన్న మచ్చ మొదలైతే అది ఊరుకోదు, రంగుని పైకి తోస్తుంది, పొక్కు వస్తుంది. పొక్కు పగిలితే అందులోకి ఇంకా నీరు, ఇంకా గాలి. పైగా మన గేట్లన్నిటికీ తుప్పు ఎక్కడ మొదలవుతుందో చూడండి. రేకు మధ్యలో కాదు. కోసిన అంచు దగ్గర, వెల్డింగ్ దగ్గర, రెండు పట్టీలు కలిసే సందులో.

నా సొంత పొరపాటు ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట బాపట్ల అవతల సూర్యలంక తీరంలో ఒక అతిథిగృహానికి గేట్లు, బాల్కనీ గ్రిల్లు మా షాపులో పౌడర్ కోటింగ్ చేసి పంపాం. తెల్లగా, నున్నగా, చాలా బాగా వచ్చాయి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక ఫోనొచ్చింది. వెళ్లి చూస్తే చెయ్యి పెట్టినచోటల్లా తెల్లటి సున్నంలా పొడి అంటింది. మూలల దగ్గర ఎర్రటి చారలు కారుతున్నాయి. వేలుగోరుతో గీరితే పొర పొరే ఊడొచ్చింది. ఇంటికి వచ్చి రెండు రాత్రులు నిద్రపోలేదు.

తప్పులు మూడు. ఒకటి, మేం వేసింది ఎపాక్సీ, పాలిస్టర్ అనే రెండు రెజిన్లు కలిసిన హైబ్రిడ్ పౌడర్. అది ఇంట్లో పెట్టే బీరువాలకి, ఆఫీసు బల్లలకి మంచిది. ఎండలో ఎపాక్సీ నిలవదు, పొడిగా రాలుతుంది. ఆరుబయటికి ప్యూర్ పాలిస్టర్ వెయ్యాలి. రెండు, కోసిన అంచులు కత్తిలా ఉన్నాయి, వాటిని రుద్ది గుండ్రం చెయ్యలేదు. ఓవెన్లో పౌడర్ కరిగినప్పుడు పదునైన అంచు మీదనుంచి వెనక్కి జారుతుంది, అక్కడ పొర పల్చనైపోతుంది. మూడు, సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుందని తెలిసి కూడా రంగు కింద మొదటి పూతగా జింకు ప్రైమర్ వెయ్యలేదు. ఉప్పు గాలిలోని తేమని లాక్కుని కూర్చుంటుంది, వాన లేకపోయినా ఇనుము తడిగానే ఉంటుంది. అన్నీ తిరిగి తెప్పించి, బ్లాస్టింగ్ చేయించి, అంటే గాలి ఒత్తిడితో గరుకు రజను కొట్టించి పాత పొర తీయించి, జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమర్ మీద ప్యూర్ పాలిస్టర్ వేసి ఇచ్చాను. మా ఖర్చే. పని చేసిన కుర్రాళ్లని ఒక్క మాట అనలేదు, ఎక్కడ పెడతారని అడగాల్సింది నేను.

పౌడర్ కోటింగ్ గురించి ఇంకాస్త చెప్తాను, ఇక్కడ సగంమంది ఆ పనిలోకే వెళ్తారు. వరుసగా తొట్లుంటాయి. మొదట జిడ్డు తీసేది, తర్వాత కడిగే నీళ్లు, తుప్పు తీసే యాసిడ్, మళ్లీ కడిగే నీళ్లు, ఆ తర్వాత ఫాస్ఫేటింగ్. ఫాస్ఫేటింగ్ అంటే ఇనుము ఒంటిమీద సన్నటి స్ఫటికాల పొర పెంచడం. గోడకి గరుకు లేకపోతే సిమెంటు పట్టనట్టే, ఆ స్ఫటికాలు లేకపోతే పౌడర్‌కి పట్టు దొరకదు. ఫాస్ఫేటింగ్ అయిన జాబ్‌ని, అంటే కోటింగ్‌కి వచ్చిన వస్తువుని, రాత్రంతా వదిలేసి పొద్దున కోటింగ్ చేద్దామనుకునేవాళ్లున్నారు. మన ఊరి ఉక్కపోతలో తెల్లారేసరికి దానిమీద పసుప్పచ్చని తుప్పు పొడ ఎక్కుతుంది. ఆరగానే పౌడర్ చల్లే గన్ను పట్టాల్సిందే.

గన్ను 60 నుంచి 100 కిలోవోల్టుల దాకా ఇస్తుంది, పౌడర్‌కి చార్జి ఎక్కి, ఎర్త్ ఉన్న జాబ్‌కి అతుక్కుంటుంది. లోపలి మూలల్లోకి మాత్రం సరిగా వెళ్లదు, విద్యుత్తు బయటి అంచుల దగ్గరే ఆగిపోతుంది. వోల్టేజీ తగ్గించి, గన్ను పక్కనుంచి పట్టి, ముందు మూలలు కొట్టాలి. వెడల్పు భాగాలు ఆఖర్న. కొత్తవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు. పొర 60 నుంచి 80 మైక్రాన్లు చాలు, ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. లెక్క కూడా చెప్తాను రాసుకోండి. సాంద్రత 1.5 ఉన్న పౌడర్ కిలో తీసుకుంటే, 60 మైక్రాన్ల మందాన లెక్క ప్రకారం 11 చదరపు మీటర్లు రావాలి. నేల మీద పడేది, గోడకి పోయేది పోగా మీకెంత వస్తుందో మీరే కొలుచుకోండి, అప్పుడు మీ గన్ను పట్టే చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది.

ఓవెన్ విషయంలో ఒక్క మాట. మీటరు మీద 200 డిగ్రీలు కనపడగానే పది నిమిషాల గడియారం మొదలుపెట్టేస్తారు. అది గాలి వేడి. పౌడర్ కంపెనీవాడు చెప్పేది లోహం వేడి గురించి. పల్చటి రేకు త్వరగా వేడెక్కుతుంది, 8 మిల్లీమీటర్ల ప్లేటు ఆలస్యంగా వేడెక్కుతుంది. ఒకే బండి మీద రెండూ వేలాడదీస్తే రేకుమీద తెల్లరంగు పసుపు తిరుగుతుంది, ప్లేటుమీద పొర పచ్చిగా ఉంటుంది. పైకి మెరుస్తుంది కానీ ఉడకని అన్నం లాంటిది.

*(సభలోంచి: "ఉడికిందో లేదో ఎలా తెలుస్తుందండీ?")*

మంచి ప్రశ్న. దూదిని ఎంఈకే అనే సాల్వెంట్‌లో, అంటే రంగుని కరిగించే ద్రవంలో ముంచి ఒకేచోట ముందుకీ వెనక్కీ రుద్దండి. రంగు దూదికి గట్టిగా అంటితే, పొర మెత్తబడితే, ఉడకలేదన్నట్టు. పట్టు చూడాలంటే ఇదిగో, ఈ బ్లేడుతో అడ్డంగా ఆరు గీతలు, నిలువుగా ఆరు గీతలు. పొర 60 మైక్రాన్ల లోపయితే గీతకీ గీతకీ మధ్య ఒక మిల్లీమీటరు, అది దాటితే రెండు. టేపు అంటించి లాగండి. గళ్లు టేపుతో పాటు వస్తే ఆ జాబ్ పార్టీకి పంపొద్దు.

ఇనుముకి రంగుకంటే గట్టి రక్ష జింకు. దాదాపు 450 డిగ్రీల్లో కరిగిన జింకులో ఇనుముని ముంచి తీస్తారు, గాల్వనైజింగ్. జింకు గొప్పతనం ఏమిటంటే, గీత పడి ఇనుము బయటపడినా పక్కనున్న జింకు ముందు తాను కరుగుతుంది. ఇంటి అప్పులన్నీ పెద్దకొడుకు తన నెత్తినేసుకున్నట్టు. అదే తగరం పూస్తే జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. తగరం పూతమీద గీత పడితే ఆ గీత దగ్గర ఇనుము మామూలుకంటే త్వరగా తుప్పు పడుతుంది. రెండూ తెల్లగానే మెరుస్తాయి, గుణంలో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

జీఐ షీటు, అంటే జింకు పూసిన ఇనప రేకు కొనేటప్పుడు 120 జీఎస్‌ఎం, 275 జీఎస్‌ఎం అని వింటారు. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి అన్ని గ్రాముల జింకు అని అర్థం. 120 అంటే ఒక్కో వైపు 8 మైక్రాన్లు దాటి కాస్త, 275 అంటే 19. వస్తువు తయారయ్యాక జింకు తొట్టిలో ముంచితే 6 మిల్లీమీటర్లు దాటిన ఇనుముకి సగటున 85 మైక్రాన్లు ఉండాలి. రెండింటినీ "గాల్వనైజ్డ్" అనే ఒకే మాటతో అమ్ముతారు, మీరు అంకె అడగండి.

ఇంకో సంగతి, ఇది మన పెయింటర్లందరూ వినాలి. కొత్త జీఐ గేటుమీద నేరుగా ఆయిల్ ఎనామిల్ వేస్తున్నారు. ఏడాది తిరక్కుండా అరటిపట్టలా ఊడొస్తుంది, రంగు కంపెనీని తిడతారు. తప్పు రంగుది కాదు. ఆ నూనె రంగు జింకుతో కలిసి సబ్బులాంటి పొర కడుతుంది, పట్టు జారిపోతుంది. మధ్యలో ఎచ్ (etch) ప్రైమర్, అంటే లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే పూత గానీ, ఎపాక్సీ ప్రైమర్ గానీ వేస్తే ఆ గొడవ ఉండదు.

ఇక ఇత్తడి, రాగి. ఇక్కడ మన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మీలో ఎంతమంది కళాయి వెయ్యడం చూశారు? నలుగురు. నా చిన్నప్పుడు గవర్నర్‌పేటలో మా వీధిలోకి నెలకోసారి వచ్చేవాడాయన. "పాత్రలకి కళాయి పోస్తాం" అని కేక. అమ్మ పులుసు గిన్నె, కాఫీ గిన్నె తీసి ఇచ్చేది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాసేపుంటే చిలుము పుడుతుంది, ఆ పచ్చటి విషం కడుపులోకి పోతుంది. అందుకని లోపల తగరం పూత. ఆయన నేలమీద గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊదేవాడు. గిన్నెని ఇసకతో తోమి, నిప్పుమీద తిప్పుతూ వేడెక్కాక నవసాగరం (అమ్మోనియం క్లోరైడు) పొడి చిటికెడు చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ, ముక్కు మండేది. వెంటనే తగరం కడ్డీని అలా తాకించి, దూదితో గిన్నె లోపలంతా ఒక్క చుట్టు తుడిచేవాడు. నల్లటి గిన్నె లోపల వెన్నెల పడ్డట్టు తెల్లబడేది. నేను నోరెళ్లబెట్టుకుని చూసేవాణ్ని.

ఆ పొగేమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వేడికి ఇత్తడిమీద పుట్టే ఆక్సైడు పొరని నవసాగరం తినేస్తుంది. శుభ్రమైన లోహం ఒక్క క్షణం బయటపడుతుంది, ఆ క్షణంలోనే తగరం అంటాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి దూది చాలు. ఇందాక మీరు చూసిన నీళ్ల పరీక్షా ఇదే సంగతి, మన తొట్ల ప్లాంటూ ఇదే సంగతి. ఆయన దాన్ని చిటికెడు పొడితో, అర నిమిషంలో చేశాడు. ఏ కాలేజీలోనూ చదవలేదు.

బంగారు పూత సంగతికి వస్తే, పక్కనే బందరు ఉంది. చిలకలపూడి నగలంటే తెలియని తెలుగింటి ఆడపడుచు లేదు. రోల్డ్ గోల్డ్ అంటే రాగిమీద బంగారు రేకు అతికించి, రెండింటినీ కలిపి సాగదీసే పని. ఇప్పుడు ఎక్కువ భాగం కరెంటుతో ప్లేటింగే. గిల్టు నగ కొన్నాళ్లకి ఎందుకు నల్లబడుతుంది? బంగారం చెడదు. పొర అతి పల్చన కాబట్టి కింది రాగి నెమ్మదిగా బంగారంలోంచి పైకి పాకుతుంది, చెమట తగలగానే నల్లబడుతుంది. అది పాకకుండా మధ్యలో నికెల్ పొర వేస్తారు. ఆ నికెల్ కొందరి చెవులకి పడదు, దురద, పుండు. చెవిపోగులు చేసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి, చిన్నపిల్లలు పెట్టుకునే వస్తువది.

అల్యూమినియం దారి వేరు. దీనికి పైనుంచి పూత తెచ్చి అంటించక్కర్లేదు, తన పొర తానే కట్టుకుంటుంది. గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పుడుతుంది, అది ఇనుప తుప్పులా రాలిపోదు, అంటిపెట్టుకుని కాపాడుతుంది. అనోడైజింగ్ అంటే ఆ పొరనే కరెంటు పెట్టి వేలరెట్లు పెంచడం. సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టి, 20 డిగ్రీల దగ్గర ఉంచాలి, 12 నుంచి 18 వోల్టులు. 5 నుంచి 25 మైక్రాన్ల పొర వస్తుంది. మన మే నెలలో తొట్టిని 20 దగ్గర ఉంచడమే అసలు ఖర్చు. చిల్లర్ ఆపితే యాసిడ్ వేడెక్కి, పెరుగుతున్న పొరనే తినేస్తుంది, ముట్టుకుంటే సుద్దలా రాలుతుంది. ఆ పొర నిండా తేనెపట్టులా సన్నటి రంధ్రాలుంటాయి, రంగు కావాలంటే వాటిలోకే వెళ్తుంది. ఆఖర్న మరిగే నీళ్లలో ఉంచితే రంధ్రాలు మూసుకుంటాయి. సీలింగ్ అంటారు. కరెంటు మిగుల్చుకోవడానికి చాలామంది కోతపెట్టేది ఇక్కడే.

కట్టేవాళ్లు చేసే తప్పు కూడా చెప్పాలి. అనోడైజ్ చేసిన కిటికీలు బిగించాక గోడకి ప్లాస్టరింగ్ చేస్తారు. పచ్చి సిమెంటు క్షారం, ఆ పొరని తినేస్తుంది. ఒక్క పూట ఉంచి తుడిచినా మచ్చ పోదు. ప్లాస్టరింగ్ అయ్యాకే బిగించండి, లేదా పైనున్న ప్లాస్టిక్ ఫిలిం తియ్యకండి.

స్టెయిన్‌లెస్ స్టీలూ అలాంటిదే, అందులోని క్రోమియం కనపడని పొర కడుతుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే ఆ పేరు. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. అపార్టుమెంటు మెట్ల రెయిలింగులకి చౌక అని 202 వేస్తారు, అందులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ఇంటి లోపల పరవాలేదు. బందరు, చీరాల వైపయితే వద్దు, అక్కడ మాలిబ్డినం ఉన్న 316 వెయ్యాలి. ఏ రకమైనా సరే, మామూలు ఇనుము రుద్దిన గ్రైండింగ్ వీలుతోనే దీన్ని రుద్దితే ఇనుప రజను ఇరుక్కుని చుక్కలు చుక్కలుగా తుప్పు తేలుతుంది. "స్టీలుకి తుప్పేమిటండీ" అని పార్టీ అడిగితే మొదట మీ గ్రైండింగ్ వీలు చూసుకోండి. తర్వాత వాళ్ల బాత్‌రూం చూడండి. టైల్స్ కడిగే యాసిడ్ ఆవిరి ఒక్కసారి పట్టినా స్టీలు ట్యాపులు మచ్చలు తేలతాయి.

కర్ర. ఇది నాకు ఇష్టమైన భాగం.

కర్ర చచ్చిపోయాక కూడా ఊపిరి పీలుస్తుంది. వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం వదిలి ముడుచుకుంటుంది. ఏ పూతైనా ఈ ఊపిరితో వేగాలి. ఇక్కడికి గంట దూరం కూడా లేదు కొండపల్లి. వెళ్లి, బొమ్మ రంగు చూడకండి, రంగు వెయ్యకముందు బొమ్మ చూడండి. తెల్లపొణికి కర్ర, చేత్తో ఎత్తితే దూదిలా తేలిక. ముందు దాన్ని వెచ్చబెట్టి లోపలి తడి లాగేస్తారు. అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కర్ర పొట్టే కలిసింది కాబట్టి అతుకు కూడా కర్రతోపాటే ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. దానిమీద సున్నం పూత. ఆ తర్వాతే రంగు. ఎండబెట్టడం, మక్కు, సున్నం, రంగు. మన ఫ్యాక్టరీ మాటల్లో డ్రైయింగ్, లప్పం, ప్రైమర్, టాప్‌కోట్. ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అందులోని పనితనానికి మనం ఇచ్చే గుర్తింపు మాత్రం చాలదని నా మనసులో మాట.

ఏటికొప్పాక వాళ్లదింకో దారి. లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఒత్తుతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఓవెన్ లేదు, గన్ను లేదు.

మన వడ్రంగి షాపుల్లో నేను చూసే తప్పు ఒక్కటి చెప్పి ముందుకెళ్తా. తలుపుకి ముందూ వెనకా పాలిష్ అద్దంలా కొడతారు. పైఅంచు, కిందఅంచు వదిలేస్తారు, ఎవరికీ కనపడవు కదా అని. కర్ర నీళ్లు తాగే నోరు అదే. నిలువు నరాలు తెరుచుకుని ఉండేది అక్కడే. శ్రావణంలో తలుపు పట్టేసిందని చిత్రిక పట్టించుకునే ఇళ్లలో కిందఅంచు తడిమి చూడండి, పచ్చి కర్ర తగులుతుంది. ఇంకోటి, జోరువాన రోజున ఎన్‌సీ లాకర్ (కర్రకి తిన్నర్‌తో కలిపి కొట్టే మెరుగుపూత) కొట్టొద్దు. తిన్నర్ ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద దిగి పొర పాలలా తెల్లబడుతుంది. ఆ రోజు శాండ్‌పేపర్ పని పెట్టుకోండి. 120, 180, 220 నంబర్లు, ఇలా గరుకునుంచి నునుపుకి మెట్టు మెట్టుగా, నరాల వెంటే రుద్దాలి. 80 నుంచి ఒక్క గెంతులో 320కి వెళ్తే పాత గీతలు పోవు, పాలిష్ పడ్డాకే కనపడతాయి.

ప్లాస్టిక్ గురించి క్లుప్తంగా చెప్తాను. ప్లాస్టిక్ ఫినిష్ వస్తువుమీద కాదు, దాన్ని పోసే అచ్చు, అంటే డై మీద ఉంటుంది. డై ఎంత నునుపో వస్తువు అంత నునుపు, డై గరుకయితే వస్తువు గరుకు. రంగు వెయ్యాలంటే రకం తెలియాలి. ఏబీఎస్ రంగు పట్టుకుంటుంది, పాలీప్రొపిలీన్ పట్టుకోదు, దాని ఒళ్లే మైనం లాంటిది. మంట చూపించి గానీ, ప్రత్యేకమైన ప్రైమర్ వేసి గానీ లొంగదీయాలి. ఎండకి పెళుసెక్కకుండా కాపాడేది పైపూత కాదు, లోపల కలిపే మసి. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన నల్ల నీళ్ల పైపుల్లో రెండు నుంచి మూడు శాతం కార్బన్ బ్లాక్ ఉంటుంది. నల్ల పైపు నల్లగా ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు కొంచెం బరువైన మాట. క్రోమ్ ప్లేటింగ్.

బండి హ్యాండిల్ మీద ఆ మెరుపు అసలు నికెల్‌ది. పైన క్రోమ్ అర మైక్రాన్ కూడా ఉండదు. ఆ అర మైక్రాన్ కోసం వాడే క్రోమిక్ యాసిడ్‌లో ఉన్నది ఆరో స్థితి (హెక్సావాలెంట్) క్రోమియం, క్యాన్సర్ తెస్తుంది. పాత ప్లేటింగ్ పనివాళ్లకి ముక్కు మధ్య గోడకి చిల్లులు పడేవి. నేను కళ్లారా చూశాను ఆ ముక్కుని. ఆయన దాన్ని పెద్ద విషయంగా చెప్పలేదు, "అందరికీ ఉండేదే బాబూ" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ మింగుడు పడదు. తొట్టి అంచున గాలి లాగే డక్టు, చేతులకి గ్లోవ్స్, ముఖానికి మాస్కు లేని షాపులో మీకెంత జీతమిచ్చినా చేరొద్దు. ఇసకతో పొడి బ్లాస్టింగ్ చేసేచోట కూడా చేరొద్దు, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని రాయి చేస్తుంది. ఇసకకి బదులు వాడటానికి స్టీల్ గ్రిట్ ఉంది, గార్నెట్ ఉంది.

కడిగిన నీళ్ల సంగతి. మన ఊళ్లోంచి మూడు కాలవలు పోతున్నాయి, ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. డెల్టా కింది ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి, ఆ నీళ్లతోనే నాట్లేస్తాయి. కాలవల్లోకి, నదిలోకి వదిలే నీళ్లలో ఆరో స్థితి క్రోమియం లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని నియమం. చెయ్యడం కష్టమేం కాదు. నీళ్లని ఆమ్లంగా మార్చి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే పసుపు రంగు పోయి ఆకుపచ్చ తిరుగుతుంది, అంటే విషం విరిగి మూడో స్థితికి వచ్చిందన్నమాట. తర్వాత సున్నం వేస్తే అడుగుకి దిగుతుంది. ఆ మడ్డిని కూడా చెత్తకుప్పలో వెయ్యకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పగించాలి. రాత్రిపూట కాలవలోకి పైపు పెట్టేవాణ్ని నేను తోటి వ్యాపారి అని అనుకోను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా.

*(ఒక విద్యార్థిని: "మాది సింగ్‌నగర్ సార్. బుడమేరు వరదలో మా బీరువా మునిగింది. కడిగి వాడుకుంటున్నాం. బయట రంగు బాగానే ఉంది, కానీ కింద నుంచి తుప్పు వస్తోంది. ఎందుకని?")*

2024 సెప్టెంబరు. ఆ నెలలో మీ వైపు నుంచి వచ్చిన బీరువాలు మా షాపు ముందు వరసగా నిలబెట్టి ఉండేవి తల్లీ. మీరడిగింది సరిగ్గా నేను వాటిలో చూసిందే. బీరువా అడుగున రేకుని లోపలికి మడుస్తారు, పెట్టెలా ఒక గూడు ఏర్పడుతుంది. గన్నుతో వేసిన రంగు ఆ మడతలోకి పోదు, లోపల పచ్చి ఇనుమే. వరదనీళ్లు అందులోకి దూరి, ఒండ్రు అక్కడే పేరుకుంది. మీరు పైన కడిగారు, తుడిచారు, ఒండ్రు మాత్రం తడిగా నెలల తరబడి లోపలే ఉండిపోయింది. తుప్పు లోపలినుంచి బయటికి వస్తోంది.

ఇలా చెయ్యండి. బీరువా ఖాళీ చేసి వెల్లకిలా పడుకోబెట్టండి. అడుగు మడతలో నాలుగు మూలలా 6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో కన్నాలు వెయ్యండి. గొట్టంతో మంచినీళ్లు గట్టిగా కొట్టండి, బురద రంగు పోయి తేట నీళ్లు వచ్చేదాకా. రెండు రోజులు ఎండలో ఉంచండి. పొక్కిన రంగుని ఉలితో లేపి, వైర్ బ్రష్‌తో తెల్లటి ఇనుము కనపడేదాకా రుద్దండి. బ్రష్ వెళ్లని మడతల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని మార్చే మందు పొయ్యండి, చేతులకి గ్లోవ్స్ వేసుకుని. అది నల్లబడి ఆరాక జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, మడతలోకి సన్న బ్రష్‌తో. తర్వాత ఎనామిల్ రెండు పూతలు. కన్నాలు మాత్రం మూసెయ్యొద్దు, ఎప్పుడైనా నీళ్లు చేరితే కారిపోవాలి. కాళ్ల కింద ఇటుక ముక్కలు కాదు, రబ్బరు పెట్టండి, ఇటుక తడి పీలుస్తుంది.

మీకు డ్రిల్లు లేకపోతే మా షాపుకి తెప్పించండి, కన్నాలు వేసి పంపిస్తాను, డబ్బులక్కర్లేదు. బీరువాలు తయారుచేసేవాళ్లు కూడా ఇక్కడున్నారు కదా, కోటింగ్‌కి పంపకముందే మీ డ్రాయింగులో ఆ నాలుగు కన్నాలు పెట్టండి.

రేకులు బల్లమీదే ఉన్నాయి, నీళ్ల సీసా పక్కనే పెడుతున్నాను. ఎవరి జాబ్ వాళ్లు తెచ్చుకున్నారుగా, ఒక్కొక్కరూ వచ్చి పోసి చూసుకోండి.